అమ్మ గొంతున్న డిస్కు

సూర్యాపేటలో మా ఫొటో స్టూడియోకు వచ్చేవాళ్లలో చాలామంది ఫొటో దిగడానికి రారు. ఇంట్లో ఎవరో పోయి, దినాలకు ఫ్లెక్సీ కొట్టించాలంటే మంచి ఫొటో లేక వస్తారు. "మా నాయిన మీరు తీసిన ఫలానోళ్ల పెండ్లికి తెల్లంగి తొడుక్కొని వచ్చిండమ్మా, జర సూడు, గాడ ఏడనో ఉంటడు" అంటారు. నేను ఆ పెళ్లి వీడియో తెరిచి, భోజనాల బంతిలో ఆ తెల్లంగి పెద్దాయనను పట్టుకుని, ముందున్న విస్తరిని కత్తిరించి, ముఖం పెద్దది చేసి ఇస్తాను. వాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నాకు కూడా ఆ పూట ఏదో పుణ్యం చేసినట్టు ఉంటుంది. ఇంతమందికి వాళ్ల మనుషులను వెతికి ఇచ్చినదాన్ని, మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశాను. ఆ సంగతే ఇది.

మా ఆయన కెమెరా పడతాడు, నేను మిక్సింగ్ చేస్తాను. పెళ్లిలో తీసిన గంటల వీడియోను కోసి, అతికించి, పైన పాటలు వేసి చూడబుద్ధయ్యేలా చేయడాన్ని మా పనిలో మిక్సింగ్ అంటారు. ఇందులో ఒక ఆచారం ఉంది. పెళ్లిలో వినబడిన అసలు చప్పుడును ఉంచం. మంగళసూత్రం దగ్గర కాసిని మంత్రాలు, కాసేపు మేళం, అంతే. మిగతా అంతా సినిమా పాటే. తలంబ్రాలకు ఒకటి, బంతికి ఒకటి, అప్పగింతలకు ఒకటి. అసలు మాటలు అట్లాగే ఉంచితే జనం ఒప్పుకోరు. "గా లొల్లి ఎందుకమ్మా, మంచి పాటెయ్యి" అంటారు.

మిర్యాలగూడలో మా చెల్లెలి పెళ్లి జరిగినప్పుడు నాకింకా మిక్సింగ్ రాదు. అన్నీ మా ఆయనే చేసేవాడు. అప్పగింతలప్పుడు మా అమ్మ పాట పాడింది. ఎక్కడా నేర్చుకున్నది కాదు, వడ్లు చెరిగేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు నోటికొచ్చినట్టు కట్టుకుని పాడే అలవాటు ఆమెకు ఉండేది. ఆ రోజు వియ్యపురాలి ముందు నిలబడి మొదలుపెట్టింది.

"పొద్దెక్కినంక లేస్తది వదినా, లేపకు వదినా
కాకరకాయంటే అలుగుతది వదినా, అలగనియ్యి వదినా
కోపమొస్తె నా లెక్కనే వదినా, ఓర్సుకో వదినా..."

అందరూ నవ్వారు. మా చెల్లెలైతే ఏడుస్తూనే "అమ్మా, ఇజ్జత్ తీయకే" అన్నది. ఆ తర్వాత అమ్మ గొంతు తగ్గిపోయింది. పాలల్లో ముంచిన చెల్లెలి చెయ్యిని వియ్యపురాలి చేతిలో పెడుతూ చివరి చరణం పాడింది. అది మాకెవరికీ వినబడలేదు. మేమంతా ఏడుపులో ఉన్నాం, బయట బ్యాండు వాళ్లు అప్పుడే అందుకున్నారు. కెమెరా మైకు మాత్రం అమ్మకు జానెడు దూరంలో ఉంది.

డీవీడీ వచ్చాక చూస్తే అక్కడ అమ్మ గొంతు లేదు. అప్పగింతల సినిమా పాట ఉంది. చెల్లెలే ఆ పాట కావాలని అడిగింది, మా ఆయన వేశాడు, మేమందరం బాగుందన్నాం. అమ్మ కూడా బాగుందన్నది. తన పెదవులు కదులుతుంటే ఎవరో గాయని గొంతు వినబడుతుంటే, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వింది.

నిరుడు వానాకాలంలో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, దాంతోపాటు మాట పడిపోయాయి. మిర్యాలగూడలో రైస్‌మిల్లులో పనిచేసే మా అన్నయ్య దగ్గర ఉంటుంది. మనం చెప్పేదంతా తెలుస్తుంది. తను చెప్పాలనుకున్నది మాత్రం నోట్లోంచి రాదు. ఎంత తన్నుకున్నా "అ... అ..." అనే శబ్దమే వస్తుంది. తన మీద తనకే విసుగొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇంటెడు మందిని ఒక్క కేకతో లేపిన మనిషి, మంచినీళ్లు కావాలన్నా చెయ్యి ఊపాల్సి రావడం చూడలేక, దవాఖానలోనే ఆమె చెవి దగ్గర వంగి చెప్పాను. "అమ్మా, నీ పాట నా దగ్గరున్నది. చెల్లె పెండ్లిల పాడినవ్ గదా, గది. నీ గొంతు నీకే వినిపిస్త."

అమ్మ ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని నవ్వింది. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. ఇక ఆ తర్వాత నేను బస్సు దిగి ఇంట్లో అడుగుపెడితే చాలు, చెయ్యి చెవి దగ్గర పెట్టి చూపించేది. తెచ్చినవా అని. "తెస్తనమ్మా, వచ్చేసారి తెస్త" అనేదాన్ని.

గొప్పకు చెప్పిన మాట కాదది. కోయని, పాట కలపని అసలు వీడియో మా దగ్గర నిజంగానే ఉంది. చిన్న డిస్కుల్లో ఉన్న మా ఇంటి, చుట్టాల పాత పెళ్లిళ్లన్నీ రెండు పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కుల్లోకి మార్చి, చిన్నవాటిని తుడిచి మళ్లీ వాడుకున్నాం. ఆ రెండు పెద్దవాటిలో ఒకదాంట్లో మా చెల్లెలి పెళ్లి ఉంది. వాటికి వైరు గుచ్చేచోటు అరిగిపోయి వదులైంది. పట్టుకుని కూర్చుంటే పనిచేస్తుంది, వదిలితే పోతుంది. ఎట్లాగూ మా ఆయన సర్వర్ కడుతున్నాడు కదా, అందులోకి ఎక్కాక హాయిగా తీసుకుందామనుకున్నాను.

సర్వర్ అంటే పెద్ద నల్ల ఇనుప డబ్బా. అందులో వరసగా హార్డ్‌డిస్కులు. ఏ పెళ్లి కావాలన్నా బీరువా తెరవకుండా కుర్చీలో కూర్చుని తీసుకోవచ్చు. ఆ పట్టుదల మా ఆయనకు ఊరికే రాలేదు. కోదాడలో ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసే మా మరిది, అంటే చెల్లెలి భర్త, ఆ ఏడు దసరాకు మిర్యాలగూడలో అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు ఒక మాట అన్నాడు. "అన్నా, ఊరందరి పెళ్లిళ్లూ బీరువాలో పడేసి, ఒక్క కాపీతో ఎట్లా నడుపుతున్నారండీ? ఏదో రోజు ఏడుస్తారు" అని. మంచికే అన్నాడు. కానీ అత్తగారింట్లో, అందరి ముందు, చిన్న తోడల్లుడు పెద్ద తోడల్లుడితో అనే మాటేనా అది? మా ఆయన గారె ముక్క విస్తట్లో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. సూర్యాపేటకు తిరిగొచ్చిన మర్నాడే డబ్బా కొనుక్కొచ్చాడు.

పని మాత్రం ముచ్చటగా చేశాడు. పెళ్లిలో వైర్లను ఎవరి కాలికీ తగలకుండా తివాచీ కింద పరిచే మనిషి కదా, డబ్బాలో కూడా ఒక్కో కేబుల్‌ను వంచి, కట్టి, జడ వేసినట్టు సర్దాడు. ఆ రెండు పెద్ద డిస్కులను ప్లాస్టిక్ డొల్ల పగలగొట్టి బయటికి తీసి, మిగతావాటి పక్కన బిగించాడు. లోపల ఉండేది మామూలు డిస్కేనట. స్విచ్చి వేశాడు. మిగతావన్నీ తెర మీద కనబడ్డాయి. ఆ రెండూ లేవు.

"గివి లేస్తలేవ్" అన్నాడు.

చెయ్యి వేసి చూశాను. పక్కనున్న డిస్కులు సన్నగా వణుకుతున్నాయి. ఇవి రాయిలా ఉన్నాయి. డేటా కేబుల్ మార్చాడు, లేవలేదు. పనిచేస్తున్న డిస్కును తీసి దాని చోట్లో వీటిని పెట్టాడు, లేవలేదు. తుడిచి, ఊది, పసిపిల్లలను పట్టుకున్నట్టు పట్టుకుని మళ్లీ బిగించాడు. ఊహూ.

"మరిదికి ఫోన్ సెయ్యరాదు" అన్నాను.

"ఎందుకు? ఇంటిల్లిపాది ముందు ఇంకోసారి నన్ను పాఠం సెప్పించుకొమ్మంటవా?"

నేను ఫోన్ పక్కన పెట్టేశాను. మా చెల్లెలితో రోజూ మాట్లాడతాను, వండిన కూర దగ్గర్నుంచి అన్నీ చెప్పుకుంటాం. ఆ ఒక్క ముక్క చెప్పలేదు. మొగుడి పరువు కదా.

మా ఆయన ఆలోచించి ఆలోచించి, ఇన్ని డిస్కులకు కరెంటు సాలక పెద్దవి పడుకుంటున్నయని తేల్చాడు. డబ్బాలోని కరెంటు పెట్టె, అదే పవర్ సప్లై, చిన్నదన్నాడు. తెలిసిన దుకాణంలో ఇంకో కంపెనీది, పెద్దది తెచ్చాడు. దాని కేబుళ్లు దానితోనే వచ్చాయి. కానీ తను అంత ముచ్చటగా కట్టుకున్న పాత కేబుళ్లను విప్పడానికి మనసొప్పలేదు. పాత పెట్టె తీసేసి, ఆ కేబుళ్ల చివరలనే కొత్త పెట్టెకు గుచ్చాడు. చక్కగా పట్టాయి. పట్టింది కాబట్టి సరిపోయిందనుకున్నాడు. మా ఫంక్షన్ పనుల్లో అంతే. లైట్లవాళ్లవి, మైకువాళ్లవి, మావి సామాన్లన్నీ కలిసిపోతాయి, ఎవరి వైరు ఎవరి లైటుకు పట్టినా వెలుగుతుంది. ముందుజాగ్రత్తకు మిగతా డిస్కులన్నింటినీ పీకి పక్కన పెట్టాడు, కరెంటు పంచుకోకుండా. ఆ రెంటినే ఉంచాడు.

"ఇగో, ఇప్పుడు సూడు" అని స్విచ్చి వేశాడు.

టప్పుమని చిన్న శబ్దం. తర్వాత వాసన. దీపావళి మర్నాడు వాకిట్లో ఉండే వాసన. మా ఆయన స్విచ్చి ఆపి అట్లాగే నిలబడిపోయాడు. నేను వంగి చూశాను. రెండు డిస్కుల కింది పచ్చబోర్డుల మీదా నల్లటి మచ్చలు కనబడ్డాయి, అది చాలు.

అప్పుడు చేశాను మా మరిదికి ఫోన్. చెప్పిందంతా విన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "వదినా, డిస్కులు మంచివేనండీ. పెద్ద డిస్కుల్లో కొన్నిటికి కరెంటు ప్లగ్గులో మూడో పిన్ను ఉంటది. ఆ పిన్నుకు కరెంటు తగిల్తే, లేవొద్దన్నారు అనుకొని అట్లాగే పడుకుంటయి. దాని మీద చిన్న టేపు ముక్క అంటిస్తే లేచేవి. లేదంటే వేరే బయటి డొల్లలో పెట్టినా వచ్చేవి." ఇంకా ఏదో చెప్పబోయి ఆగాడు. నేనే అడిగాను, మరి ఎందుకు కాలిందని. కంపెనీ మారితే పెట్టెవైపు తీగల వరస మారుతుందట. చివర పట్టినంత మాత్రాన ఒకటి కాదట. చిన్న కరెంటు వెళ్లాల్సిన దారిలో పెద్ద కరెంటు వెళ్లిందట.

టేపు ముక్క. మా ఇంట్లో ఏ అలమర తెరిచినా టేపు చుట్టలు దొర్లుతాయి. తివాచీలకు టేపు, వైర్లకు టేపు, ఆల్బమ్ పెట్టెలకు టేపు. గోరంత ముక్క సరిపోయేది. ఇప్పటికీ ఏ పార్సిల్‌కు టేపు చింపినా నా ప్రాణం చివుక్కుమంటుంది.

మా మరిది ఆ రోజే కోదాడ నుంచి బస్సెక్కి వచ్చాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అని ఉంటే మా ఆయనకు కొంచెం తేలికయ్యేదేమో. ఇద్దరూ కలిసి రెండు డిస్కులూ పట్టుకుని హైదరాబాద్ వెళ్లారు. అక్కడ బోర్డులు మార్చి చూశారు, రెండిట్లోనూ లోపల చదివే భాగం కూడా పోయిందన్నారు. ఇంకోచోట చూపించారు, అదే మాట. మిగతా డిస్కులను పీకి పక్కన పెట్టినందుకు ఊరందరి పెళ్లిళ్లూ బతికాయి. ఎవరి నాయిన తెల్లంగి వాళ్లకు భద్రంగా ఉంది.

అమ్మకు నేను చెప్తానంటే మా ఆయన వద్దన్నాడు. నాతో మిర్యాలగూడ వచ్చి అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అమ్మ నన్ను చూసి ఎప్పటిలాగే చెయ్యి చెవి దగ్గరికి తీసుకుపోయింది.

"అత్తమ్మా, నీ పాట ఖతమైంది. నా సేతుల్తోనే కాల్సిన" అన్నాడు. తల వంచుకుని ఏడ్చాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఏడవడం నేను చూడలేదు. అమ్మ చెయ్యి దించి అల్లుడి తల మీద వేసింది. కాసేపు నిమిరి, పోతే పోయిందిలే అన్నట్టు గాల్లో ఊపింది. ఆమెకు అంత తేలిగ్గా ఎట్లా పోయిందో నాకు తెలియదు. నాకు పోలేదు.

అప్పటి నుంచి నేను చెయ్యగలిగిందల్లా ఒకటే. ఆ పాటను తెలిసినంత మటుకు పోగు చేశాను. మొదటి మూడు చరణాలు అందరికీ గుర్తున్నాయి, నవ్వినవి కదా. చివరి చరణం కోసం మా చెల్లెల్ని అడిగాను, వియ్యపురాలిని అడిగాను, కెమెరా పట్టిన మా ఆయనను అడిగాను. ఎవరికీ తెలియదు. అందరం అక్కడే ఉన్నాం, అందరం ఏడుస్తూనే ఉన్నాం.

మొన్న వెళ్లినప్పుడు అమ్మకు తల దువ్వుతూ పాడాను. పొద్దెక్కినంక లేస్తది వదినా, లేపకు వదినా. అమ్మ కళ్లు మెరిశాయి. కాకరకాయ దగ్గర భుజాలు కదిలేలా నవ్వింది. కోపమొస్తె నా లెక్కనే అన్నప్పుడు ఎడమచేత్తో తన గుండె మీద తట్టుకుంది. తర్వాత ఏముందో నాకు తెలియదు కాబట్టి ఆగిపోయాను. అమ్మ నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది, పాడు అన్నట్టు. నేను పాడకపోయేసరికి తనే నోరు తెరిచింది. మెడనరాలు బిగిశాయి, పెదవులు కుదురుకున్నాయి, "అ..." అన్నది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ "అ..." అన్నది.

ఊరికే ఉండలేక నేనే ఒక చరణం కట్టి పాడాను. నా బంగారాన్ని నీకిస్తున్న వదినా, అని. అమ్మ కాదని తల ఊపింది. ఇంకోటి పాడాను. కాదన్నది. ఇంకోటి. కాదన్నది. విసుక్కోలేదు, గోడవైపు తిరగలేదు. నా చెయ్యి పట్టుకుని, ఇంకోటి పాడమని కళ్లతోనే అడిగింది.