పక్కింటి గరాజ్‌లో టాంగో

మొన్న ఒక గరాజ్ సేల్‌లో పాత తోలు బంతి చేతికి తీసుకోగానే, ఆ వాసనకి చిన్నప్పుడు ఎడిసన్‌లో మా పక్కింట్లో కొత్తగా దిగిన అర్జెంటీనా అంకుల్ గుర్తొచ్చారు.

సాయంత్రాలు ఆయన గరాజ్‌లో కూర్చుని, అలాంటి ఫుట్‌బాల్‌కే నూనె రాస్తూ క్యాసెట్‌లో వాళ్ళ దేశపు టాంగో పాటలు వినేవారు. ఒక పాట దగ్గర మాత్రం చేతిలో గుడ్డ ఆగిపోయేది, కళ్ళు తుడుచుకునేవారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వెళ్ళి అమ్మకి చెప్పాను.

"పాపం, భార్య పోయిందేమోనే. చావింటి నుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు, ఊరికే వచ్చేయ్," అంది అమ్మ.

నెల రోజులు అలాగే ఆయన పక్కన కూర్చుని పాట విని, చెప్పకుండా లేచి వచ్చేశాను. చివరికి ఆయనే అడిగారు.

"నువ్వు బై చెప్పవేం?"

"ఆంటీ చనిపోయారు కదా అంకుల్."

ఆయన పగలబడి నవ్వారు. "ఆవిడకి నైట్ డ్యూటీ, లోపల నిద్రపోతోంది! ఈ పాట మా వీధి లాంటి వీధి గురించి. ఆదివారం మట్టి గ్రౌండ్‌లో మ్యాచ్, గోల్ కొట్టినవాడి పేరు కిటికీల్లోంచి అరిచే ఆడవాళ్ళు. ఇప్పుడక్కడ అన్నీ అపార్ట్‌మెంట్లే."

ఆ రోజు నుంచి "వెళ్ళొస్తా అంకుల్!" అని వీధంతా వినపడేలా అరిచేదాన్ని. మేం ఫ్రిస్కోకి మారిన రోజు కూడా కార్‌లోంచి అలాగే అరిచాను.

మళ్ళీ వెళ్ళలేదు.

బంతి కొనేశాను. ఇంటికొచ్చి నూనె రాస్తుంటే, నా చేతిలో గుడ్డ కూడా ఆగిపోయింది.