చొక్కా లేనివి

మా ల్యాబులో ఇరవై రెండేళ్ళు పనిచేసిన పెద్దక్క చేతులు ఎప్పుడూ స్పిరిట్ వాసన కొట్టేవి. శాంపిల్ ముట్టుకున్నా, రిజిస్టర్ ముట్టుకున్నా, చివరికి నా టీ కప్పు ముట్టుకున్నా బుడ్డి నొక్కి చేతులు రుద్దుకునేది. కరోనా ఏళ్ళు అంటగట్టిన అలవాటది. ఆవిడంటే నాకు భయమూ ఉండేది, ప్రాణమూ ఉండేది.

కొత్తగా చేరినవాళ్ళకి వైరస్ పాఠం ఆవిడే చెప్పేది. బల్ల మీద ఒక చీటీ, ఒక అగ్గిపెట్టె, ఒక ప్లాస్టిక్ సంచి పెట్టుకునేది.

"ఈ చీటీలో ఉన్నది ఒకటే మాట: నాలాంటివాటిని తయారుచెయ్యి. చీటీని దాచే ఈ పెట్టె ప్రొటీను. అంతే సంసారం! దీనికి పొయ్యి లేదు, గిన్నె లేదు. మన కణంలో దూరి, మన సరుకులతో, మన పొయ్యి మీదే వండించుకుని, వేలకి వేలై బయటపడుతుంది. కొన్ని పోతూ పోతూ మన కణం పొరే ఒంటికి చుట్టుకుపోతాయి. అదే కొవ్వు చొక్కా. ఫ్లూ, కరోనా, తట్టు, రేబిస్, ఎయిడ్స్ తెచ్చేది, అన్నీ చొక్కారాయుళ్ళే. స్పిరిట్ తగిలితే చొక్కా కరిగి చస్తాయి. పోలియోకీ, వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోకీ చొక్కా లేదు. వాటికి స్పిరిట్ ఓ లెక్కా? సబ్బు పెట్టి నీళ్ళ కింద రుద్ది రుద్ది వదిలించుకోవాల్సిందే. నోరో పేరులోనే నోరుంది, మరిచిపోకండి!"

వందసార్లు విన్నా నాకు నవ్వొచ్చేది.

ఆ మంగళవారం పిల్లల వార్డు నుంచి విరేచనాల శాంపిళ్ళు పదకొండు వచ్చాయి. తొమ్మిదింట్లో పరీక్షపట్టీ మీద రెండో గీత పడింది. నోరో. మధ్యాహ్నం నుంచి కుళాయిలో చుక్క నీళ్ళు లేవు. చివరి సీసా మూత బిగిస్తుంటే అక్క గ్లవ్ చిరిగింది. దాన్ని పీకి పారేసి, బుడ్డి నొక్కి, చేతులు గబగబా రుద్దుకుని, "బస్సు పోతుందే" అంటూ పరిగెత్తింది. నేను పక్కనే ఉన్నాను. నాకూ తట్టలేదు.

అక్క ఇంటికెళ్ళేసరికి కూతురు గుమ్మంలోనే పాపని చేతికిచ్చింది. ఏడు నెలల మనవరాలు.

"అమ్మా, పన్నొస్తోందేమో చూడవే!"

అక్క పాప నోట్లో వేలు పెట్టి చిగుళ్ళు తడిమింది. వచ్చింది, బియ్యపుగింజంత. తల్లీకూతుళ్ళు మురిసిపోయారు. ఈ మాట మర్నాడు ల్యాబులో అక్కే చెప్పింది, మిఠాయి పంచుతూ.

గురువారం పాపకి వాంతులు, విరేచనాలు. శుక్రవారానికి కళ్ళు లోతుకు పోయాయి. ఏడిస్తే కన్నీళ్ళు రాలేదు. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదు. శాంపిల్ పరీక్ష నేనే చేశాను. రెండో గీత పడకూడదని దండం పెట్టుకున్నాను. పడింది. శనివారం పొద్దున్న పాప పోయింది.

పలకరించడానికి వెళ్తే కూతురు గోడకి తల కొట్టుకుంటోంది. "పాలసీసా సరిగ్గా మరగబెట్టలేదు. నా బిడ్డని నేనే చంపుకున్నాను" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

నేను అక్కని పక్కకి లాగాను. "ఎక్కడి నుంచైనా వచ్చుండొచ్చక్కా. ఎవరికి తెలుసు? నువ్వు నోరు విప్పకు." ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"అయ్యుండొచ్చు. కానీ నా కూతురు సీసా వల్లే అనుకుని బతకాలా?" అంది అక్క.

వెళ్ళి కూతురి పక్కన కూర్చుని, ఆమె ఒళ్ళో చెయ్యి వేసింది.

"సీసా కాదమ్మా. నా వేలు. ఆ రోజు నీళ్ళు లేవు, స్పిరిట్ రుద్దుకుని వచ్చాను."

"శుభ్రం చేసుకునే వచ్చావుగా?"

"ఈ జబ్బుకి అది చాలదు. నాకు తెలుసు. అందరికీ చెప్పేదాన్ని నేనేగా."

కూతురు ఏడుపు ఆగిపోయింది. తల్లి చేతిని ఒళ్ళోంచి తీసి నేల మీద పెట్టింది. లేచి పెరట్లోకి వెళ్ళి, సబ్బుతో చేతులు కడుక్కుంది. కుళాయి చప్పుడు చాలాసేపు వినబడుతూనే ఉంది.