పసుపుతో వేసిన చుక్క

మా చర్చిలో పిల్లల క్రిస్మస్ బొమ్మల పోటీకి నన్ను జడ్జీగా కూర్చోబెట్టారు. నడుం నొప్పి, ఫ్యాను రొద, బల్ల నిండా మైనపు రంగుల వాసన. ఏ కాగితం తిప్పినా అదే మంచు, మొగల్తూరు పొలిమేరలో ఎన్నడూ కురవని మంచు. కళ్లు మూతలు పడుతుంటే ఆ వాసన వెనకనుంచి తడి సున్నం వాసన వచ్చింది.

మా చిన్నప్పుడు బొమ్మలకు కాగితం లేదు, గోడే. కోతలయ్యాక, చలిగాలిలో కొత్తగడ్డి కమ్మదనం తేలివస్తుండగా, ఇళ్లలో అరిసెల పాకం పొంగుతుండగా, పెద్దలు చర్చి ముందు గోడకు గుల్లసున్నం కొట్టించేవారు. దానిమీద బేత్లెహేము బొమ్మలు వేయడం సండేస్కూలు పిల్లల వంతు. ఆకాశానికి బట్టల నీలిమందు, పాకకు ఇటుకపొడి, చెట్లకు చిక్కుడాకు పసరు, గొర్రెలకు పొయ్యి బొగ్గు. ఒంటెను చూసినవాళ్లం లేము కనుక జ్ఞానులు గేదెల మీదే వచ్చేవారు. గోడ తాటిచెట్టంత ఎత్తు అనబోయాను. కాదు, బల్ల వేసుకుంటే అందేది.

ఆ జ్ఞానులకు దారి చూపే చుక్క వేసే భాగ్యం ఏటా సంఘపెద్ద యోబుగారి పిల్లలదే. మా కరుణక్కకు ఎప్పుడూ గొర్రె తోకలే. ఆ ఏడు పాస్టరమ్మగారు పసుపు గిన్నె అక్క చేతికిచ్చారు. గోడ ఇంకా తడారలేదు. అక్క ఊపిరి బిగబట్టి గీస్తుంటే, బంగారంలా ఉండాల్సిన చుక్క కళ్లముందే ఎర్రబడిపోయింది. పారాణి పెట్టుకోని ఇళ్ల పిల్లలం, మాకేం తెలుసు? ఎదురింటి మంగాయమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు.

"పసుపులో సున్నం పడితే పారాణే కదమ్మా. మీ గుడికి పెళ్లేంటి?"

ఆ మాట యోబుగారికి గుచ్చుకుంది. చర్చి గోడకు ఎర్రబొట్టేంటని, చెరిపేయాల్సిందేనని పట్టుబట్టారు. అక్క ఏడవలేదు, గిన్నె వదలనూ లేదు. పాస్టరమ్మగారు మాత్రం నెమ్మదిగా అన్నారు:

"తూర్పు చుక్క కదండీ. తెల్లారగట్ల మన తూర్పు ఎర్రగా ఉండదాండీ?"

దానికి యోబుగారు కంటతడి పెట్టుకుని అక్క తలమీద చెయ్యేశారని మనవలకు చెబుతుంటాను. అబద్ధం. ఆయన సున్నం బకెట్టు తెప్పించారు. సున్నం పడేకొద్దీ చుక్క మరీ ఎర్రబడి వీధంతా వెలిగిందనీ చెబుతుంటాను. అందులో సగమే నిజం. మొదటి పూతకు ఎర్రబడింది, రెండోదానికి అణిగింది. చర్చిలో జనం పట్టక పండగ ఆరాధన బయట పందిట్లో జరిగే వేళకు, గోడమీద సిగ్గుపడ్డ చెంపంత ఎరుపు మిగిలింది. అందరూ తలలు వంచి ప్రార్థన చేస్తుంటే అక్క మాత్రం కళ్లు తెరుచుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. ఎలా తెలుసంటారా, నేనూ కళ్లు మూయలేదు.

అక్క పోయింది. సున్నం బట్టీలూ పోయాయి. ఆ గోడకిప్పుడు నున్నటి టైల్సు వేశారు; తడిగుడ్డతో తుడిస్తే ఏ మరకైనా ఇట్టే పోతుందని కమిటీవారు మురిసిపోతూ నాకు చూపించారు. వాదించే ఓపిక లేక, అవునండీ అన్నాను.