రోజా ఫ్లెక్సీ

రోజా తొమ్మిదో తరగతిలో గీసిన హుగ్లీ నది పటం కింద ఇంకో అమ్మాయి పేరు రాశారు. గోడంత పొడవున్న గుడ్డ మీద గీసిన పటం అది. నది ఎక్కడ మెలిక తిరుగుతుందో, ఎక్కడ ఇసుక మేట వేస్తుందో, సముద్రపు పోటు ఎంతదూరం ఎగదన్నుతుందో నీలం రంగు చిక్కదనంలోనే తెలిసిపోయేది. బడిలో ప్రదర్శన రోజున పెద్దమనుషులు వచ్చారు. పటం పక్కన నిలబడి వివరించింది డాక్టరుగారమ్మాయి. రోజా చేతికి మంచినీళ్ల గ్లాసుల పళ్లెం ఇచ్చారు. "నీ బెంగాలీలో యాస ఉంది కదమ్మా, వచ్చినవాళ్లు నవ్వుతారు," అని పెద్ద టీచరు బుగ్గ నిమిరి మరీ చెప్పింది. అన్యాయం చేసేవాళ్లు సాధారణంగా బుగ్గ నిమిరే చేస్తారు.

రోజా ఏడవలేదు. ఆమె అన్న ఉమామహేశ్ మాత్రం వెళ్లి బడి గేటును ఒక్క తన్ను తన్నాడు. అది ఇనుప గేటు. వారం పాటు కుంటుతూ తిరిగాడు.

వాళ్ల ఇల్లు కలకత్తాలో, ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల వెనక, తెలుగువాళ్ల సందులో ఉంది. తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఓడల్లో మూటలు మోశాడు. తండ్రి గోవిందరాజు అదే డాకులో క్రేన్ల దగ్గర పని చేస్తాడు. మామ్మ అప్పలకొండమ్మ సందు మొదట్లో ఎండుచేపలు అమ్ముతుంది. ఉమామహేశ్ కాలేజీ మధ్యలో మానేసి బైకు టాక్సీ నడుపుతున్నాడు. ఫోను ఎటు పొమ్మంటే అటు పోవడమే అతని ఉద్యోగం. బతుకులో ఆ మాత్రం దారి చెప్పేవాళ్లు ఉండటం కూడా అదృష్టమే అనుకునేవాడు.

రోజాకి కావలసింది ఒక్కటే. కాలేజ్ స్ట్రీట్ పక్కనున్న పాత విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం చదవాలి. ప్రవేశ పరీక్ష రాసి ఫలితం కోసం కాచుకుని ఉండగా, అడగని వరమొకటి వచ్చి నెత్తిన పడింది.

న్యూ టౌన్‌లో ఒక బిజినెస్ కాలేజీవాళ్లు బడిపిల్లలకు పోటీ పెట్టారు. ఎవరికి తోచిన సరుకు వాళ్లు తెచ్చి అమ్మి చూపించాలి. మిగతా పిల్లలు సువాసన కొవ్వొత్తులు, పూసల గొలుసులు తెచ్చారు. రోజా మామ్మ గంపలోంచి ఎండుచేపలు తీసుకెళ్లింది. అద్దాల హాలంతా గుప్పుమంది. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్న ఒక జడ్జీగారి దగ్గరికి వెళ్లి, "మీ అమ్మమ్మగారిది తూర్పు బెంగాలేనా దాదా?" అని బెంగాలీలో అన్నా అని పిలిచి మెల్లగా అడిగింది. ఎండుచేపలంటే ప్రాణం పెట్టేది అక్కడివాళ్లే. ఆయన రుమాలు దించాడు. కళ్లు చెమర్చాయి. చివరి పొట్లం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు ప్రొఫెసర్లు చొక్కాలు పట్టుకోబోయారు. డిగ్రీ మొదలుకొని ఎంబీఏ దాకా సీటు ఖాయం, ఫీజు మాఫీ, చివర ఉద్యోగానికి మాదే పూచీ అని కాలేజీవాళ్లు అక్కడికక్కడే ప్రకటించారు.

మర్నాటికల్లా సందులో ఫ్లెక్సీ లేచింది. క్లబ్బు సెక్రటరీ సుందర్ వేయించాడు. 'మా సందు గర్వకారణం, ఎంబీఏ రోజాకు అభినందనలు' అని తాటికాయలంత అక్షరాలు. రోజా ఇంకా డిగ్రీలో కూడా చేరలేదు. ఎవరి పెళ్లి ఫొటోలోంచో కత్తిరించిన ఆమె బొమ్మ పక్కన పెళ్లికూతురి మోచెయ్యి ఒకటి మిగిలిపోయింది. ఆమె బొమ్మకి రెండింతల సైజులో నల్లకళ్లద్దాలతో సుందర్ బొమ్మ.

"ఆలు నేదు సూలు నేదు, కొడుకు పేరు సోమలింగమంట!" అంది అప్పలకొండమ్మ దాన్ని చూసి.

గోవిందరాజు మాత్రం డ్యూటీకి వెళ్లే అడ్డదారి మానేసి ఫ్లెక్సీ కిందనుంచి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆగి, తల పైకెత్తి, అక్షరాలు కూడబలుక్కునేవాడు. "మా గుంట పేరు. ఈపాలి ఎవుడూ సెరపనేడు," అన్నాడు ఒక రోజు. ఇక ఆయనతో ఎవరు వాదిస్తారు?

రోజా వాదించింది, అన్నం తింటూ.

"నాన్నా, నాను ఆ కాలేజీకి ఎల్లను."

"ఏటే? ఫ్లెక్సీ ఏసీసినారు గదే!"

"ఏసినోణ్ణే ఎల్లి సదూకోమను."

ఉమామహేశ్‌కి పొలమారింది. గోవిందరాజు నవ్వలేదు. "రెండోది ఇంకా రానేదు కదమ్మా. ఇది వొదిలీసి, అదీ రాకపోతే? రెండిటికీ సెడ్డ రేవడవుతావు."

అది నిజం. శుక్రవారం మధ్యాహ్నంలోగా న్యూ టౌన్‌లో అసలు మార్కుల షీట్లు ఇచ్చేయాలి. ఇచ్చాక మరోచోట చేరడం కుదరదు. ఇవ్వకపోతే సీటు పోతుంది. విశ్వవిద్యాలయం జాబితా వచ్చేది ఆ పై వారం. "రేపు నువ్వే దగ్గరుండి దింపీసి రా," అని గోవిందరాజు కొడుక్కి చెప్పాడు.

శుక్రవారం న్యూ టౌన్‌లో ఎండ తళతళలాడుతోంది. పెద్ద కమాను కింద సర్కిల్ వచ్చింది. ఎడమకి తిరిగితే కాలేజీ. ఉమామహేశ్ బండి తిప్పబోతుంటే వెనకనుంచి రోజా భుజం గిల్లింది.

"ఇంకో సుట్టు తిప్పన్నా."

తిప్పాడు. మళ్లీ ఎడమ మలుపు వచ్చింది.

"ఇంకొక్కటి."

"పెట్రోలు నీ బాబు పోస్తాడేటే?"

"మనిద్దరికీ ఒకడే బాబు. తిప్పు!"

తిరిగారు. మేడలు తిరిగాయి, బస్సులు తిరిగాయి, ఒళ్లో మార్కుల షీట్ల సంచితో రోజా తిరిగింది. రంగులరాట్నం ఎక్కిన పిల్లలా ముందు ముసిముసిగా నవ్వింది, తర్వాత పగలబడి నవ్వింది. ఎందుకో తెలియకుండా ఉమామహేశ్‌కీ నవ్వొచ్చింది. ఫుట్‌పాత్ మీద కొబ్బరిబొండాలవాడు వీళ్లు వచ్చినప్పుడల్లా కత్తి ఎత్తి సలాం చేయసాగాడు. చివరికి తెల్లబట్టల ట్రాఫిక్ సార్జెంటు ఈలవేసి బండికి అడ్డం వచ్చాడు.

"ఏంటయ్యా, ఈ సర్కిల్ మీ మామగారు రాసిచ్చాడా?" అని బెంగాలీలో గద్దించాడు. "కోథాయ్ జాబే? ఎక్కడికి వెళ్లాలి మీరు?"

ఆయన రోజుకి వందమందిని అడిగే ప్రశ్నే. ఉమామహేశ్ కాలేజీ పేరు చెప్పబోయాడు. అతనికంటె ముందే వెనకనుంచి జవాబు వచ్చింది.

"కాలేజ్ స్ట్రీట్."

సార్జెంటు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అది ఇటు కాదు. మీరొచ్చిన దారే!"

"తెలుసు దాదా. అందుకే తిరుగుతున్నాం," అంది రోజా తన యాస బెంగాలీలో.

సార్జెంటు మీసం వణికింది. నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పి, చెయ్యెత్తి రెండు బస్సుల్నీ ఒక పాలలారీనీ నిలబెట్టాడు. "పోండి! మళ్లీ ఇక్కడ కనిపిస్తే చలాన్ రాస్తాను!"

పోయారు. దారి పొడుగునా కేకలు పెడుతూ పోయారు. విశ్వవిద్యాలయం మెట్ల మీద కూర్చుని జామకాయ ముక్కలు తిన్నారు. వాచ్‌మన్ వచ్చి లేపేశాడు. "ఉండు, మళ్లొస్తా," అని రోజా ఆయనకి మాట ఇచ్చింది. చేతిలో ఉన్న సీటు పోయింది, రావలసినది రాలేదు. అంత సంతోషం ఉమామహేశ్ ఎన్నడూ ఎరగడు.

ఇంట్లో మాత్రం గోవిందరాజు మాట్లాడటం మానేశాడు. డ్యూటీకి మళ్లీ అడ్డదారిన వెళ్లసాగాడు. పై వారం జాబితా వచ్చింది. రోజా పేరు లేదు. రెండో జాబితా ఉంటుందట, ఉండకపోవచ్చట. ఈ సంగతి సందంతా తెలిశాక కూడా 'ఎంబీఏ రోజా' గాలికి ఊగుతూనే ఉంది. దింపడానికి సుందర్ ఒప్పుకోలేదు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన విరుచుకుపడింది. అప్పలకొండమ్మ కత్తిపీట పట్టుకుని స్తంభం దగ్గరికి నడిచింది.

"ఒరే సుందరూ, నీ గుడ్డ నా సేపలకి గావాల."

"మామ్మా, అది క్లబ్బు పరువే!"

"పరువు తడిస్తే ఆరతాది. నా సేపలు తడిస్తే పురుగులడతాయి."

తాళ్లు తెగాయి. గోవిందరాజు పని నుంచి వచ్చేసరికి గంపల మీద ఫ్లెక్సీ పరుచుకుని ఉంది. పైన రోజా మొహం మీద వాన టపటపమంటోంది. సుందర్ మొహం లోపలికి మడతపడి ఎండు సావడా చేపలకు ముద్దు పెడుతోంది. పెళ్లికూతురి మోచెయ్యి ఒక్కటీ బయటికి వేలాడుతోంది. గోవిందరాజు కాసేపు చూశాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది. తడుస్తూ అక్కడే కూలబడి నవ్వాడు. రోజా గొడుగు తెచ్చి పట్టింది. "సీటు రాకపోతే పరీచ్చ మళ్లీ రాద్దువుగానిలే," అన్నాడు.

మళ్లీ రాయనక్కర్లేకపోయింది. రెండో జాబితా వచ్చింది, అడుగున రోజా పేరు ఉంది. గోవిందరాజు ఫోను తీసుకుని, వేళ్లతో పేరును సాగదీసి సాగదీసి, తెరనిండా అదొక్కటే ఉండేలా చేశాడు. "ఇది ఎవుడూ సెరపనేడు కదా?" అని అడిగాడు.

"నేడు నాన్నా."

ఉమామహేశ్ ఇప్పుడు న్యూ టౌన్‌లోనే గది తీసుకుని ఉంటున్నాడు. అక్కడ సవారీలు ఎక్కువ. ఆ సర్కిల్ రోజూ చుడతాడు, ఒక్కడే. మొన్న శీతకాలంలో రోజా సహవిద్యార్థులతో కలిసి నది ఒడ్డు కొలిచి వచ్చిన రోజున, రేవు దగ్గర ఆమెను ఎక్కించుకోవడానికి వెళ్లాడు. మోకాళ్ల దాకా బురద, చంకలో చుట్టిన పటం, ఎండకి కమిలిన మొహం నిండా నవ్వు. బండెక్కింది. ఉమామహేశ్ అలవాటుగా ఫోను తీసి, తర్వాతి సవారీ ఎక్కడో చూడబోయాడు. రోజా బురదచేత్తో ఫోను లాక్కుని, బండి దిగి ముందుకొచ్చి, సార్జెంటులా చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది.

"అది సెప్పినకాడికి కాదు దాదా," అంది. "నువ్వు సెప్పు. కోథాయ్ జాబే?"