మా పాల కేంద్రం రత్నం

నిన్న పొద్దున గవర్నర్‌పేటలో బేరింగులు కొంటుంటే రత్నం భార్య సుగుణ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మీ ఫ్రెండ్ వెళ్ళిపోయారు" అంది.

కొన్న బేరింగులు కౌంటర్ మీదే వదిలేసి ఆటో ఎక్కాను. 

హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళే టైమ్ కూడా ఇవ్వలేదు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆటోనగర్‌లో మావి పక్కపక్క షెడ్లు. వాడికి లేత్‌లు, కంప్యూటర్‌తో నడిచే ఒక సీఎన్‌సీ మెషిన్ ఉన్నాయి. ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా కూలెంట్ పోస్తాం, అంటే నూనె కలిపిన తెల్లటి నీళ్ళు. అది కంపు కొట్టగానే మేమంతా పారబోసి కొత్త క్యాన్ తెరుస్తాం.

రత్నం పారబోసేవాడు కాదు. డ్రమ్ములో తేరనిచ్చి, పైన తేలిన మడ్డి నూనె తీసేసి, ఇనుప రజను గుడ్డలో వడగట్టి, కాస్త కొత్త ఆయిల్ కలిపి మళ్ళీ మెషిన్‌లోకే పంపేవాడు. రోజూ పొద్దున్నే ఒక చుక్క నూనె పాళ్ళు చూపే మీటర్ మీద వేసి, ఒక కన్ను మూసి చూసేవాడు.

"వెన్న శాతం ఎంతొచ్చిందిరా?" అని ఏడిపించేవాళ్ళం.

అలా పాల కేంద్రం రత్నం అని పేరే పడిపోయింది.

ఒకసారి నా షెడ్డులో కుళ్ళిన కూలెంట్ డ్రైనేజీలో పోయబోతుంటే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"పారబోయమాకరా. నాకియ్యి."

కొన్నాళ్ళకి అదే బకెట్ తెచ్చి నా మెషిన్‌లో పోశాడు. వాసన లేదు. కోసిన జాబ్ నున్నగా వచ్చింది. "కొత్త క్యాన్ డబ్బులు మిగిలినయ్ కదా, టీ చెప్పు" అన్నాడు. టీతో వదల్లేదు, పునుగులు కూడా తిన్నాడు.

వీడింత పిసినారి ఏంట్రా అనుకునేవాళ్ళం.

ఆర్డర్లు తగ్గిన ఏడాది మేమంతా మనుషుల్ని మాన్పించాం. వాడు మాత్రం తన పాత ఆపరేటర్ షరీఫ్‌ని మాన్పించలేదు. "కూలెంట్ మీద మిగిలేదంతా అతని జీతంలోకేరా" అన్నాడు. కుళ్ళిన కూలెంట్ వల్ల షరీఫ్ చేతుల మీద వచ్చిన దురద, పుళ్ళు కూడా అప్పటికే పోయాయి.

రత్నం, నీ మీద నాకు చాలా కోపంగా ఉందిరా.

పోయిన వారం ఛాతీ రుద్దుకుంటుంటే ఈసీజీ తీయించుకోమన్నాను. "గ్యాస్‌రా బాబూ. కూలెంట్ ట్యాంకులు కడిగే పనుంది, అయ్యాక ఎల్తాలే" అన్నావు. రోజూ కూలెంట్‌ని పరీక్ష చేసినవాడివి, ఒక్కసారి నీ గుండె చూపించుకోలేకపోయావా?

ఈరోజు సమాధుల తోటలో ప్రార్థన అయ్యీ అవకముందే ఒకాయన నా చెవి దగ్గరకొచ్చి, "ఆ సీఎన్‌సీ ఎంతకిస్తారండీ?" అని అడిగాడు. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ రేపో మాపో అమ్మక తప్పదని నాకూ తెలుసు. సుగుణకి ఆ పని తెలియదు, షెడ్డు నడిపేవాళ్ళు ఇంట్లో ఇంకెవరూ లేరు.

రత్నం ఇంటికొచ్చాక సుగుణ అడిగిన మొదటి మాట ఇదే.

"షెడ్డు మూసేస్తే షరీఫ్ ఎక్కడికి పోతాడన్నయ్యా?"

షరీఫ్ గుమ్మం దగ్గరే తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"నా దగ్గరికి వస్తాడమ్మా" అన్నాను.

నా దగ్గరున్నవాళ్ళకే సరిగ్గా పని లేదు. ఎలా నెట్టుకొస్తానో తెలియదు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోను.

రత్నం, సోమవారం నుంచి షరీఫ్ నా షెడ్డుకొస్తాడు. అతని గురించి బెంగ పెట్టుకోకు.

నీ ప్రభువు దగ్గర ప్రశాంతంగా నిద్రపోరా.