మైదానం వైపు తిరగని పైడమ్మ

మా పెద్దమ్మ పైడమ్మకి ఫుట్‌బాల్ పిచ్చి. టీకొట్లో టీవీ ముందు కూర్చుని ఇంగ్లండు జట్ల కోసం గొంతు చించుకునే మగాళ్ళు ఈ బర్మాలో, మా యాంగోన్‌లో ఏ వీధికి వెళ్ళినా దొరుకుతారు. మా పెద్దమ్మకి ఆ జట్లేవీ అక్కర్లేదు. ఆవిడకి కావలసింది మా పేట అహ్లోన్‌లో నది ఒడ్డున ఉన్న చిన్న కాలేజీ జట్టు ఒక్కటే. ఆ కాలేజీ అసలు పేరు చాంతాడంత ఉంటుంది గనక ఇక్కడి తెలుగువాళ్ళంతా రేవు కాలేజీ అంటారు. మా ఇంటావంటా అక్కడ చదివినవాళ్ళు లేరు. పెద్దమ్మ అసలు బడికే సరిగ్గా వెళ్ళలేదు. అయినా నా చిన్నప్పటి నుంచీ ఆ పసుపు చొక్కాల కుర్రాళ్ళు గెలిస్తే మా ఇంట్లో పాయసం, ఓడితే చారన్నం.

వింత ఏమిటంటే, ఆవిడ తన జట్టు వేసిన గోలు ఒక్కటి కూడా కళ్ళారా చూడలేదు. మేచ్‌కి వెళ్తుంది. పక్కగోడ దగ్గర తన చోట నిలబడుతుంది. మైదానానికి వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ మేచ్ అయ్యేదాకా అలాగే ఉంటుంది. కొత్తవాళ్ళు ఈ ముసలామె బస్సు కోసం చూస్తోందనుకుంటారు.

దీనికంతటికీ కారణం దిష్టి. పెద్దమ్మ వాళ్ళ నాన్న అహ్లోన్ బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. మిల్లుకీ కాలేజీ మైదానానికీ మధ్య ఒకటే గోడ. గట్టిగా తన్నిన బంతులు గోడ దాటి ఊక కుప్పల్లో పడేవి. పిల్లలందరిలోకీ ముందు పరిగెత్తి, బంతి వెతికి, తిరిగి విసిరేది ఈవిడే. అవతలి నుంచి ఎవరో బర్మా భాషలో థాంక్స్ చెప్పేవారు. మొహం కనపడని ఆ గొంతులంటే ఆవిడకి ప్రాణం. ఊక ధూళి మెరుస్తూ గాల్లో తేలేదనీ, అందులోంచి బంతి దిగి వచ్చేదనీ ఇప్పటికీ కల చెప్పినట్టు చెప్తుంది.

ఆ రోజుల్లోనే పక్కింటి గుమ్మడి పాదు చూసి ఎంత బాగా కాసిందో అందట. మర్నాటికి పాదు వాడిపోయింది. దీని కన్ను మంచిది కాదని వాళ్ళ నాయనమ్మ తేల్చేసింది. తర్వాత కొన్నాళ్ళకి రేవు కాలేజీ ఫైనల్‌కి వచ్చింది. కెప్టెన్ ఆర్థర్ అని మన తెలుగు బాప్టిస్టుల అబ్బాయి. మొదటిసారి గోడెక్కి చూస్తున్న పెద్దమ్మ ఉండబట్టలేక, "ఓలమ్మ, ఎంత బాగా ఆడతన్నాడో!" అని పైకే అనేసింది. ఆ మాట నోట్లో ఉండగానే ఆర్థర్ కింద పడ్డాడు. చీలమండ విరిగింది. జట్టు ఓడిపోయింది. పెద్దమ్మ గోడ దిగి మైదానం వైపు వీపు తిప్పింది.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆర్థర్ కాలు విరగ్గొట్టింది ఎదుటి జట్టువాడి బూటు గాని మా పెద్దమ్మ కన్ను కాదు. ఇంట్లో పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్పుకునే నేను ఎన్నిసార్లు వివరించినా, "నీకు తెల్దులే సత్యశ్రీ, సదువుకున్నావు" అని కొట్టిపారేస్తుంది.

వీపు తిప్పి నిలబడ్డ ఆ పిల్లని ఒకడు గమనించాడు. అతనే మా పెదనాన్న చంద్రరావు. అప్పటికి అహ్లోన్ ఓడరేవులో కొత్తగా క్రేన్ పనికి చేరాడు.

"మేచ్‌కొచ్చి రోడ్డు సూస్తన్నావేటి?" అని అడిగాడట.

"నా కన్ను మంచిది కాదు. నాను సూత్తే మనోళ్ళు ఓడిపోతారు."

వేరే ఎవరైనా నవ్వి ఊరుకుందురు. ఈయన నవ్వలేదు. "సరే, సూడకు. నాను సెప్తాను, ఇనుకో" అని మొదలుపెట్టాడు. ఇలా భుజం భుజం ఆనించి ఆయన మైదానం వైపు, ఆవిడ రోడ్డు వైపు నిలబడగా ఓ మేచ్ గడిచింది, ఓ సీజన్ గడిచింది, ఆ పైన పెళ్ళయింది. పెళ్ళయ్యాకా అలాగే నిలబడ్డారు. పిల్లలు లేరన్న దిగులు శనివారాల్లో వాళ్ళ దగ్గరికి వచ్చేది కాదు.

పెదనాన్న చెప్పడం వినాలి. బయట మాటలు తక్కువ మనిషి. మేచ్ చెప్పేటప్పుడు మాత్రం ఆ గొంతే వేరు. మొట్టమొదటి కప్పు తింజాన్ నీళ్ళ పండుగ వెళ్ళిన ఎండల్లో వచ్చింది. చినుకు లేక మైదానమంతా దుమ్ము లేచిపోతోందట. ఆ గోలు ఆయన చెప్పినట్టే పెద్దమ్మ నాకు చెప్పేది. "సెంటర్ కాడ్నించి కొట్టాడే. బంతి నది మీద కొంగలాగ లేచింది. లేచి, అక్కడ ఆగింది. ఎటు దిగాలా అని ఆలోచించుకుని, కీపరు మీదుగా వల్లోకి దిగింది." నా చిన్నప్పుడు నిద్రపోయే ముందు ఈ గోలు అడిగి మరీ చెప్పించుకునేదాన్ని. ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేని దాన్ని, నాకే కొంగ కనబడేది.

ఆ తర్వాత మంచి రోజులు కొన్నే. గొడవలకి భయపడి సర్కారు కాలేజీలు మూసేసిన ఏళ్ళు వచ్చాయి. మైదానంలో గడ్డి మోకాళ్ళెత్తు పెరిగింది, ఎవరివో మేకలు మేశాయి. అయినా వీళ్ళిద్దరూ శనివారం సాయంత్రం వెళ్ళి గోడ దగ్గర నిలబడేవారు. ఆడేవాళ్ళు లేని మైదానం చూస్తూ పెదనాన్న మేచ్ చెప్పేవాడు. ఆర్థర్ కాలు బాగై తిరిగి వచ్చినట్టు, ఎడమ పక్కనుంచి పాసు అందుకున్నట్టు. పెద్దమ్మ రోడ్డు వైపు చూస్తూ ఊఁ కొట్టేది. నది మీద స్టీమరు కూతవేస్తే అది రిఫరీ ఈల. జట్టు లేనప్పుడే తను ఎక్కువ గెలుపులు విన్నానంటుంది ఆవిడ.

కాలేజీలు తెరిచాక రెండు కప్పులు వెంటవెంటనే వచ్చాయి. మళ్ళీ ఓటముల ఏళ్ళు. పెద్దమ్మ మాత్రం ప్రతి మేచ్‌కీ ముందు ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి గేటు దగ్గర దిష్టి తీసేది. గేటు కాపలా కాసే బర్మా ఆయన ఊ సాన్, ఇది తమ నాట్ గ్రామదేవతల పూజ అనుకుని తన సైకిలుకి కూడా తీయించుకునేవాడు. గోల్‌కీపర్లు చెవి వెనక నల్ల చుక్క పెట్టించుకునేవారు. ఆవిడ పొరపాటున కూడా వాళ్ళ మొహం చూసి బాగున్నావనేది కాదు. నేలచూపులతో చుక్క పెట్టి పంపేది.

పోయిన వర్షాకాలంలో పెదనాన్నకి చూపు పోయింది. నీటికాసులట. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. పోయిన చూపు ఇక రాదన్నారు. ఆయన గొడవ చెయ్యలేదు, ఏడవలేదు. మాట్లాడ్డం మానేశాడు. కంచం ముందు పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవాడు. కరెంటు ఉన్నా లేనట్టే కిటికీ పక్కన కూర్చునేవాడు.

సరిగ్గా అప్పుడే, ఎన్నో ఏళ్ళ తర్వాత రేవు కాలేజీ మళ్ళీ గెలవడం మొదలుపెట్టింది. సైన్యం మళ్ళీ గద్దెనెక్కాక కుర్రాళ్ళు చాలామంది ఊళ్ళో లేరు. ఎక్కడికి వెళ్ళారని ఎవరూ ఎవరినీ అడగరు. మిగిలినవాళ్ళతో ఎలాగో జట్టు కట్టి సెమీఫైనల్‌కి వచ్చారు. పెద్దమ్మ ఆయన్ని బతిమాలి లేవదీసింది. మేచ్ చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుంది.

నాకు చేతనైనట్టు చెప్పాను. "బంతి అటు వెళ్ళింది. ఇటు వచ్చింది. ఎవరో పడ్డారు. గోలు. మనదే." పెదనాన్న మొహం తిప్పుకున్నాడు. గెలిచి ఇంటికొస్తుంటే సైడ్‌కార్ రిక్షాలో నాకూ పెద్దమ్మకీ కలిపి చెప్పాడు. "కళ్ళు లేనోడికి మేచేటి? ఫైనలొక్కటీ ఇనేసి మానేస్తాను. ఇంక నన్ను రమ్మని అడక్కండి."

మేచ్‌లు మానేస్తే బతకడమే మానేస్తాడని పెద్దమ్మకి తెలుసు. ఆయన్ని వారానికోసారి గుమ్మం దాటించేది ఆ మైదానం ఒక్కటే. నా చెప్పడం ఆయనకి ఎక్కదు. ఆయనలా చెప్పగలిగేది ఆ మాటలన్నీ ఏళ్ళ తరబడి విన్న మనిషి ఒక్కతే. కానీ చెప్పాలంటే చూడాలి. చూస్తే జట్టు ఓడిపోతుంది, ఆయన ఆఖరి మేచ్ కాస్తా ఓటమితో ముగుస్తుంది. ఆ వారమంతా వంటలో ఉప్పు తగ్గింది, ఉప్పంతా దిష్టికే పోయింది. నవ్వులాటకి అంటున్నాను గాని, ఆవిణ్ణి చూస్తే నాకు గుండె తరుక్కుపోయింది.

ఫైనల్ రోజు ముసురు. మా మైదానంలోనే. ఎర్రచొక్కాల వాళ్ళు దిట్టంగా ఉన్నారు, మనవాళ్ళు సగం మంది పిలకాయల్లా ఉన్నారు. సగం మేచ్ దాకా పెద్దమ్మ రోడ్డు వైపే నిలబడింది. నేను చెప్తున్నాను, పెదనాన్న వినడం లేదు. గొడుగు కింద తల వాల్చి, నది వైపు చెవి పెట్టి ఎక్కడో ఉన్నాడు. ఒకటికి రెండుసార్లు చెప్పినా వినని మనిషితో ఎంతసేపని మాట్లాడను? ఊరుకున్నాను.

నేను ఊరుకున్న ఆ కాసేపట్లో పెద్దమ్మ తిరిగింది. గోడ పట్టుకుని, నీళ్ళలోకి దిగే మనిషిలా ఒక్కొక్క కాలే కదుపుతూ తిరిగింది. తిరిగి, కళ్ళు తెరిచి చూసింది.

"మావా," అంది.

"ఎవులు?"

"నానే. సూస్తన్నాను."

పెదనాన్న తలెత్తాడు. "ఏటి కనిపిస్తంది?"

"పచ్చగా ఉంది."

"పచ్చగా ఉంటదని నాకు తెల్దా? బంతి ఎవుడి కాడుంది, అది సెప్పు."

ఆవిడ చెప్పబోయేలోపే ఎర్రచొక్కావాడు కొట్టిన బంతి మన గోలు కర్రకి ఠంగుమని తగిలింది. పెద్దమ్మ కెవ్వుమని మొహం కప్పుకుంది. "నా కన్నే, నా కన్నే" అంటూ వెనక్కి తిరగబోయింది. పెదనాన్న తడుముకుని ఆవిడ మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. "కర్రకి తగిలితే మనం బతికినట్టే ఒలే. సూడు. నా కోసం సూడు."

చూసింది. ముందు తడబడుతూ, తర్వాత గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అవన్నీ ఆయన మాటలే. పక్కనున్న బర్మా కుర్రాళ్ళు అర్థం కాకపోయినా ఆవిడ మొహం చూస్తూ ఉండిపోయారు. ఆ వానలో ఆ గొంతు వింటుంటే ఊక ధూళిలోంచి బంతులు దిగుతున్నట్టే ఉంది నాకు.

గోలు చివర్లో పడింది. దాన్ని గోలనడానికే సిగ్గేస్తుంది. కార్నర్ నుంచి వచ్చిన బంతి ఎర్రచొక్కావాడి నడ్డికి తగిలింది. కీపరు బురదలో జారి వెల్లకిలా పడ్డాడు. బంతి పాకుతూ వెళ్ళి గీత ముందు బురదలో కూరుకుపోయింది. మన కుర్రాడొకడు పరిగెత్తబోయి, తనూ జారి, బోర్లా పడి, పొట్టతో దాన్ని లోపలికి తోసేశాడు. మైదానమంతా "గోల్" అని కేక. గొడుగులు ఎగిరాయి. కాసేపటికే ఈల వేశారు. కప్పు మనది.

పెద్దమ్మ ఇంకా బంతినే చూస్తోంది. ఆవిడ జన్మలో చూసిన మొదటి గోలు అది.

"ఎలా పడిందే? సెప్పు, ఎలా పడింది?" పెదనాన్న ఆవిడ చెయ్యి ఊపేస్తున్నాడు.

నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నా జబ్బ మీద గట్టిగా గిల్లింది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"సెంటర్ కాడ్నించి కొట్టాడు మావా," అంది. "బంతి కొంగలాగ లేచింది. లేచి, వానలోనే ఆగింది. ఎటు దిగాలా అని ఆలోచించుకుని, కీపరు మీదుగా దిగింది."

పెదనాన్న మొహం వానకి ఎత్తి విన్నాడు.

"వల కదిలిన సప్పుడు ఇనపడలేదే?"

"తడిసిపోయింది కదా వల. సప్పుడెక్కడ సేస్తది?"

"అవునవును." పెదనాన్న మూతి బిగించాడు. నవ్వు ఆగడం లేదు. "మన మొదటి కప్పు గోలూ అలాగే పడింది పైడీ. ఆ రోజూ అంతే, వల తడిసిపోయి సప్పుడే లేదు."

పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఆ రోజు వాన లేదు మావా," అంది.

"లేదు," అన్నాడు పెదనాన్న.

ఇద్దరికీ నవ్వాగలేదు. ఆవిడ నవ్వుతూనే ఏడుస్తోంది, ఏడుస్తూనే ఆయన వీపు మీద గొడుగు పిడితో కొడుతోంది. "మరైతే ఎలా పడింది? అసలు ఎలా పడిందో సెప్పు!"

పెదనాన్న ఆవిడ భుజం తడిమి, దాని మీద చెయ్యి వేసి గేటు వైపు అడుగు వేశాడు.

"వచ్చే యేడు సెప్తాను," అన్నాడు. "ఇక్కడే."