అల్లుడు గెలుస్తడా?

ఎంకపల్లిలో బాలరాజ్ ఇల్లెక్కడ అని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. అల్లుని ఇల్లు అంటే పిల్లలు కూడా తోవ చూపిస్తారు. ఆయనది చేవెళ్ల మండలం ఆలూరు. కొడుకులు లేని కృష్ణయ్య తన ఒక్క బిడ్డ అరుణమ్మనిచ్చి ఆయనను ఇల్లరికం తెచ్చుకున్నాడు. పాతికేళ్లు దాటింది. కృష్ణయ్య పోయాడు, బాలరాజ్ కూతురు సింధుజ చదువు అయిపోయింది, బాలరాజ్ జుట్టు సగం నెరిసింది. ఊరికి మాత్రం ఆయన ఇంకా అల్లుడే. పెద్దలు అల్లుడా అంటారు, ఈడువాళ్లు బావా అంటారు. పెళ్లయినా చావయినా ముందు ఆయనకే కుర్చీ వేస్తారు.

అరుణమ్మకు ఆయన సింధుజోళ్ల బాపు. మొగుని పేరు ఆమె నోట పలకదు. మొయినాబాద్ దవాఖానలో నర్సు భర్త పేరు అడిగితే తోడొచ్చిన పక్కింటి నిర్మలమ్మను మోచేత్తో పొడిచి చెప్పించింది.

పోయిన వానాకాలం పాల సంఘం మీటింగ్‌లో బాలరాజ్ లేచి ఒక మాటన్నాడు. పాలు పోసే షెడ్డు ముందర రేకులు వేయిద్దాం, ఆడవాళ్లు వానకు తడుస్తున్నారు అని. సంఘం ప్రెసిడెంట్ అంజిలయ్య చేయి ఊపాడు.

"మా ఊరి ముచ్చట మేం జూసుకుంటం అల్లుడా. నువ్వు కూసొని చాయ్ తాగు."

అందరూ నవ్వారు. బాలరాజ్ కూడా నవ్వి చాయ్ తాగాడు. ఇంటికొచ్చి బర్రెలకు గడ్డి వేస్తూ పెళ్లానికి చెప్పాడు.

"ఈసారి ప్రెసిడెంట్‌కు నేను నిలబడుత."

"ఎందుకు?"

"ఈ ఊరోన్నా, కాదా? ఒక్కపారి అడగాలె."

"కాదంటే?"

"కాదంటే గూడ బర్రెలు పాలిస్తయి గద."

అంజిలయ్య మీద అంతవరకు ఎవరూ పోటీ చేయలేదు. అందుకని మొయినాబాద్ రోడ్డు మలుపులో సాముయేలు హోటల్ దగ్గర ఎన్నిక నెలంతా అదే ముచ్చట.

"అల్లుడు గెలుస్తడా సామేలన్నా?"

"అల్లునికి కుర్చీ ఏస్తం గని, కుర్చీ ఇస్తమా?"

"ఓటెయ్యాలె గదనే. అల్లుడు అడిగితే లేదంటే రేపు అరుణమ్మ మొకం ఎట్ల జూస్తవ్?"

"మర్యాదకు కోడిని కోస్తం. సంఘాన్ని కోసి పెడ్తమా?"

"గెలిచినంక సంఘాన్ని ఆలూరుకు ఎత్కపోతడేమో!"

చిల్కూరు రోడ్డు మీది ఇళ్లలో ఉండే సీతారామారావు రోజూ పొద్దున పాలకోసం ఆ దారిన వస్తాడు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఆయన బండి ఆపి అడిగాడు.

"ఎన్నికలో మా బాలరాజ్ గారికి ఎలా ఉందండీ?"

హోటల్ దగ్గరివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"బాలరాజ్ ఎవలు సార్?"

"అదేనండీ, మాకు పాలు పోసే ఆయన. ఫోన్లో డబ్బులు పంపితే ఆ పేరే వస్తుంది."

"ఓ, అల్లుడా!" సాముయేలు గరిటె పట్టుకునే నవ్వాడు. "షెడ్డు గోడకు కాయితం అంటించిండ్రు సార్, అంజిలయ్య, బాలరాజ్ అని. ఇంకోడెవడో గూడ నిలబడ్డడనుకున్న."

"నేనొచ్చి ముప్పై ఏళ్లవుతోంది. నన్నింకా ఆంధ్రా సారే అంటారు మీరు. ఆయన గెలిస్తే నాకూ ఆశ పుడుతుంది" అన్నాడు సీతారామారావు.

ఆదివారం పొద్దున షెడ్డులోనే పోలింగ్. చిన్న సంఘం, అచ్చు వేసిన బ్యాలెట్లు లేవు. చీటీ మీద పేరు రాసి, మడిచి, ఖాళీ పాల క్యాన్‌లో వేయాలి. ఎన్నిక జరిపించడానికి మనస్విని అనే అమ్మాయి వచ్చింది, కొత్తగా కొలువులో చేరిన అధికారి. బాలరాజ్ వంతు వచ్చినప్పుడు చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. తన ఓటు తానే వేసుకోవడం సిగ్గనిపించి అంజిలయ్య పేరు రాసి వేశాడు.

లెక్కింపులో మొదటి చీటీ అంజిలయ్య. రెండోది విప్పి మనస్విని అటూ ఇటూ తిప్పి చూసింది. 'అల్లుడు' అని ఉంది. తర్వాతదీ అల్లుడే. ఆ తర్వాత అంజిలయ్య, అల్లుడు, అల్లుడు. ఒకదాని మీద 'బావ'. ఒకదాని మీద 'అరుణమ్మ పెనిమిటి'. బాలరాజ్ అని సరిగ్గా రాసి ఉన్న చీటీ మొత్తం క్యాన్‌లో ఒక్కటే దొరికింది.

"ఓటు ఎవరికి వేశారో స్పష్టంగా తెలియాలండీ" అంది మనస్విని. "ఈ ఊళ్లో అల్లుళ్లు ఎంతమంది?"

"ఇంటికొకడున్నడు మేడం!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. బాలరాజ్ నవ్వలేదు. ఊరు తనను పిలిచే పిలుపే తనకు అడ్డం పడిందని అర్థమై నేల చూస్తూ నిలబడ్డాడు. మనస్విని అంజిలయ్య వైపు తిరిగింది.

"ఇవి ఆయనకే పడ్డాయని మీరు ఒప్పుకుంటే లెక్కేస్తాను. లేదంటే పక్కన పెట్టాలి. అప్పుడు మీరే గెలుస్తారు."

అంజిలయ్య టవల్ తీసి మెడ తుడుచుకున్నాడు. రెండు చీటీలు తీసుకుని దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"నాకు గూడ ఇద్దరల్లుళ్లున్నరు మేడం. వస్తరు, తింటరు, పోతరు. వాళ్లను మా ఇంటి అల్లుళ్లంటరు. వట్టిగ అల్లుడంటే ఈ ఊర్ల ఈయనొక్కడే." చీటీలు తిరిగి ఆమె చేతికిచ్చాడు. "రాసుకోండ్రి. ఆ బావ అని రాసినోడు మా తమ్ముడు, రాత జూస్తెనే తెలుస్తున్నది. ఆని సంగతి ఇంటికాడ జూస్త."

బాలరాజ్ కొద్ది ఓట్లతో గెలిచాడు. అంజిలయ్య తాను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని కాలితో ఆయన ముందుకు తోశాడు.

"కూసో. ఇప్పుడు గూడ అల్లుడనే అంటం, ఫికర్ జెయ్యకు. రేకులు మాత్రం జల్దిన ఏయించు."

సాయంత్రం అరుణమ్మ బర్రె దగ్గర కూర్చుని పాలు పిండుతోంది. బాలరాజ్ దాని దుడ్డెను పొదుగు దగ్గరికి పోకుండా పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"ఒక్క చీటీల నా పేరు రాసున్నది."

"అట్లనా."

"నేనైతే రాయలే. అంజిలన్న పేరు రాసిన."

"మంచి పని జేసినవ్. ఒక్క ఓటుతోని ఓడితే తెలుస్తుండె."

"మరి ఎవలు రాసిండ్రంటవ్?"

ఆమె తల ఎత్తలేదు. బకెట్‌లో పాలధార చప్పుడు కాసేపు ఆగి మళ్లీ మొదలైంది.

"నోటితోని అనొద్దని మా అవ్వ చెప్పింది. రాయొద్దని చెప్పలే" అంది. "దుడ్డెను జర గట్టిగ పట్టుకో, తాగుతున్నది."